జావాలో మేము చూచిన కట్టడాలు

(కార్తీక సమారాధననాడు మన సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఉపన్యాసాలు చెప్పే అలవాటు మాకు లేదు. మాది రైల్వేలో పార్సెలు గుమాస్తా ఉద్యోగము. మూటలకు చీటీలు అంటించడం, పుస్తకంలో అంకెలు వేసుకోవడం, ఇదే మాకు తెలిసిన విద్య. చదువు మెట్రిక్యులేషనుతో ఆగిపోయినది. కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "జావా వెళ్ళి వచ్చారట గదా, సమారాధననాడు నాలుగు మాటలు చెప్పండి" అన్నప్పుడు మేము చాలా తప్పించుకో జూచాము. మా నాన్నగారు పక్క గదిలోనుంచి విని, "సెప్పరా, నువ్వు సూసింది నువ్వే సెప్పాల" అన్నారు. అందుచేత మీ ఎదుట నిలబడవలసి వచ్చినది. తప్పులుంటే మన్నించగలరు.

జావాకే ఎందుకు వెళ్ళారని మీలో చాలామంది అడిగారు. కారణము మనందరికీ తెలిసినదే. కార్తీక పున్నమినాడు తెల్లవారుజామున మన ఆడవాళ్ళు చెరువులో దీపాలు వదులుతారు గదా. అదే వేళకు మన ఒరియా ఇరుగుపొరుగువారు అరటి దొప్పతోను, కాగితంతోను చేసిన చిన్న పడవలలో తాంబూలము, దీపము పెట్టి నీళ్ళ మీద వదులుతారు. కటకంలో మహానది ఒడ్డున ఆ దినము మొదలుకొని బాలియాత్ర అని గొప్ప సంత జరుగుతుంది. పూర్వము ఈ తీరపు వర్తకులు బాలి, జావా ద్వీపాలకు ఓడలెక్కి వెళ్ళిన జ్ఞాపకమది. కొన్నేళ్ళ క్రిందట ఒక పున్నమినాడు మా చిన్నమ్మాయి గట్టు మీద నిలబడి, "తాతా, ఈ పడవలు ఎక్కడికి పోతాయి?" అని అడిగినది. "జావాకి పోతాయమ్మా" అన్నారు మా నాన్నగారు. "మరి అక్కడ ఏమున్నది?" అన్నది పిల్ల. ఆయనకు తెలియదు. మాకూ తెలియదు. ఆ ప్రశ్న మా ఇంట్లో వుండిపోయినది.

ఆ తరువాత ఐదేళ్ళు డబ్బు కూడబెట్టాము. సంగతి బయటికి పొక్కగానే మన కాలనీలోనే కొందరు పెద్దలు మందలించారు. "గుమాస్తా జీతానికి విదేశ యాత్రలేమిటయ్యా? ఆ డబ్బు పెడితే ఎక్కడో ఒకచోట ఇంత జాగా కొనుక్కోవచ్చును గదా" అన్నారు. వారి మాట తప్పు అనము. ఇప్పటికీ రాత్రిళ్ళు అప్పుడప్పుడు మాకు ఆ ఆలోచన వస్తూనే వుంటుంది. అయితే మా నాన్నగారికి డెబ్బది దాటినవి. ముప్పదియైదేళ్ళు గ్యాంగులో పనిచేసి, మేటుగా రిటైరైన మనిషి. రైలు కట్ట వెంబడి వేలమైళ్ళు నడిచారుగాని ఆ రైలెక్కి తన కోసమని ఎక్కడికీ పోలేదు. జాగా తరువాతనైనా కొనవచ్చు, ఆయన మోకాళ్ళు తరువాత ఆగవు అని మా ఇంటావిడే తేల్చి చెప్పినది.

కాగితాల కష్టము కొద్దిగా చెప్పుకోవాలి. ప్రభుత్వోద్యోగి దేశము దాటాలంటే పై అధికారుల అనుమతి కావాలి. మా అర్జీ ఒక ఆఫీసులో ఒక బల్ల మీద ఇరవైమూడు రోజులు నిద్రపోయినది. అది సరే, మనకు అలవాటే. కాని మా నాన్నగారి పాస్‌పోర్టు విచారణకు వచ్చిన జవాను ఒక మాట అడిగాడు. "మీ స్వంత ఊరేది?" అన్నాడు. "ఇదే బాబూ, ఖుర్దారోడ్డే" అన్నారు నాన్నగారు. "మీరు తెలుగువారు గదా, అంతకు ముందు ఊరు?" అన్నాడతను. నాన్నగారు కొంతసేపు ఆలోచించి, "మా తాత పలాస అవతలినించి వొచ్చాడంటారు. ఊరి పేరు తెలీదు బాబూ" అన్నారు. ఆ జవాను మంచివాడు. ఏదో వ్రాసుకొని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాన్నగారు అన్నము సరిగా తినలేదు. 1890లలో ఈ తూర్పు తీరపు రైలుమార్గము వేస్తున్నప్పుడు మట్టిపనికి వచ్చిన కుటుంబము మాది. ఆ వచ్చిన ఆయన పేరు మాకు తెలుసును. ఊరు తెలియదు. ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామో చివర తెలుస్తుంది.

2024 ఆగస్టులో ఖుర్దారోడ్డునుంచి చెన్నపట్నానికి రైలులోను, అక్కడనుంచి కౌలాలంపూరు మీదుగా జకార్తాకు విమానంలోను వెళ్ళాము. విమానము సంగతి విస్తరించి చెప్పను. ఈ రోజుల్లో మీలో చాలామంది పిల్లలు దానిలోనే వచ్చిపోవుచున్నారు. జకార్తాలో దిగగానే వీసా రుసుము ఐదు లక్షలన్నారు. మా ఇంటావిడ నోరు వెళ్ళబెట్టినది. అవి వారి రుపియాలు. మన రూపాయికీ వారి రుపియాకీ సంస్కృత శబ్దమొకటే మూలమైనా విలువలో చాలా భేదమున్నది. జీవితంలో మొదటిసారి లక్షలు చేతబట్టుకొని మరుక్షణమే కట్టివేసిన ఘనత మాకు దక్కినది.

జకార్తాలో గంబీరు అనే స్టేషనునుంచి యోగ్యకర్తకు రైలెక్కాము. ఆరేడు గంటల ప్రయాణము. బండి రాకముందే మా నాన్నగారు ప్లాట్‌ఫారము అంచున నిలబడి పట్టాలవంక చూస్తూ, "ఇదేట్రా, మీటరు గేజీ కాదు, పెద్ద గేజీ కాదు?" అన్నారు. ఆయన కన్ను తప్పలేదు. జావాలో పట్టాల మధ్య దూరము 1,067 మిల్లీమీటర్లు, అనగా మూడున్నర అడుగులు. మన పెద్ద గేజి 1,676. మన దేశంలో తొలి ప్రయాణీకుల బండి 1853లో బొంబాయినుంచి ఠాణాకు నడిస్తే, జావాలో తొలి మార్గము 1867లో సెమరాంగు రేవునుంచి మొదలైనది. డచ్చివారు వేసినది. అంటే ఆ విషయంలో మనమే పదునాలుగేళ్ళు పెద్ద. బండిలో శుభ్రత మాత్రము చూచి నేర్చుకోవలసినదే. రైలు ఉద్యోగినై యుండి ఈ మాట చెప్పుటకు కొంచెము సిగ్గుగానే వున్నది.

వారి భాషలో రైలుబండిని "కెరెతా అపి" అంటారు. అపి అంటే నిప్పు. మన పెద్దలు పొగబండి అన్నారు, వారు నిప్పుబండి అన్నారు. భర్తను "సుఆమి" అనీ భార్యను "ఇస్త్రీ" అనీ అంటారు. స్వామి, స్త్రీ అనే మాటలే అవి. మా ఇంటావిడ ఈ సంగతి విని, "పేరులో స్వామి వుంటే చాలదు, సామాను కూడా మోయాలి" అన్నది. పెట్టెలు మేమే మోశాము.

యోగ్యకర్తనుంచి బొరొబుదూరు సుమారు 40 కిలోమీటర్లు. తెల్లవారుజామున కారు కట్టించుకొని వెళ్ళాము. దారి పొడుగునా వరిమళ్ళు, కొబ్బరి చెట్లు, అరటి తోటలు. మన కోనసీమలోనో గంజాం జిల్లాలోనో వున్నట్టే వున్నది. దూరాన మెరాపి అనే అగ్నిపర్వతము. 2010లో అది పేలినప్పుడు బొరొబుదూరు మీద సుమారు ఒక అంగుళము మందాన బూడిద పడినదట. రాళ్ళను బూడిద తినివేయకుండా ఊరివారంతా చేరి శుభ్రము చేశారట.

బొరొబుదూరు బౌద్ధ కట్టడము. శైలేంద్ర వంశపు రాజుల కాలంలో, ఎనిమిది తొమ్మిది శతాబ్దులలో కట్టారు. గుడి అంటే మనకు లోపల గర్భాలయము, తలుపు, దేవుడు. ఇక్కడ లోపల ఏమీ లేదు. ఒక మట్టిదిబ్బను నమ్ముకొని చుట్టూ రాతి మెట్లవలె తొమ్మిది అంతస్తులు పేర్చారు. క్రింది ఆరు చతురస్రాలు, పై మూడు వలయాలు. అడుగు భాగము ఒక్కొక్క వైపు సుమారు 118 మీటర్లు. రాయి నల్లని అగ్నిపర్వత శిల. సున్నము లేదు, సిమెంటు లేదు. రాతికి గాడి తీసి, గుబ్బ చేసి, ఒకదానిలో ఒకటి బిగించారు. మన వడ్రంగులు బీరువా కొయ్యలను బిగించినట్టు. గోడల మీద 2,672 శిల్పఫలకాలు వున్నవి. బుద్ధ విగ్రహాలు మొత్తము 504. పై వలయాలలో 72 చిల్లుల స్తూపాలు, 32, 24, 16 చొప్పున మూడు వరుసలు. ఒక్కొక్క స్తూపంలో రాతి జాలీ వెనుక ఒక బుద్ధుడు కూర్చుండి వుంటాడు.

రాళ్ళు అరిగిపోవుచున్నవని మేము వెళ్ళినప్పటికి పైకి ఎక్కేవారిని రోజుకు 1,200 మందికే పరిమితము చేసివున్నారు. ఎక్కేవారికి ఆకుతో అల్లిన చెప్పులు ఇస్తారు, అవే తొడుక్కోవాలి. ఆ చెప్పుల పేరు "ఉపానత్". సంస్కృతంలో ఉపానహము అంటే చెప్పే గదా. మన దేశంలో ఆ మాట పుస్తకాలలో పడుకొని వున్నది, అక్కడ కాలికి తొడుక్కొని తిరుగుచున్నారు.

మా నాన్నగారు మెట్లవంక చూచి, మోకాళ్ళవంక చూచుకొని, "నాన్రాను, మీరెళ్ళండి" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఆయనను అగ్నేయ మూలన నీడలో కూర్చుండబెట్టి, మేమిద్దరము పిల్లతో గైడు వెంట ఎక్కాము.

మొదటి వసారాలో బుద్ధుని జీవితము 120 ఫలకాలలో వున్నది. తుషిత స్వర్గమునుంచి దిగిరావడము మొదలు మొదటి ధర్మోపదేశము వరకు. ప్రదక్షిణంగా నడుస్తూ చదువుకోవాలి. మాకు అన్నిటికంటె నచ్చినవి ఓడలు. తెరచాపలు, తెడ్లు, పక్కకు చాచిన కొయ్య దన్నులు, తాళ్ళు లాగుచున్న మనుష్యులు, అంతా రాతిలో. ఆ బొమ్మనే చూచి 2003లో ఒక కొయ్య ఓడను తయారుచేసి, "సముద్ర రక్ష" అని పేరు పెట్టి, జకార్తానుంచి ఆఫ్రికా చుట్టివచ్చి 2004లో ఘనా దేశపు అక్రా రేవు చేర్చారు. ఆ ఓడను బొరొబుదూరు ఆవరణలోని మ్యూజియంలో చూడవచ్చును. మా అమ్మాయి ఓడ ఫలకము ముందు నిలబడి కదలలేదు. "మన పడవలు ఇక్కడికి వచ్చాయి నాన్నా" అన్నది. ఆ శిల్పి చెక్కిన ఓడ జావావారిదే గాని మనది కాదని గైడు చెప్పాడు. పిల్లకు ఆ భేదము మేము చెప్పలేదు. చెప్పవలసి వుండెనేమో.

పైకి చేరిన తరువాత గోడలు లేవు, బొమ్మలు లేవు. స్తూపాలు, ఆకాశము, చుట్టూ కొండలు. అక్కడ మాట్లాడబుద్ధి కాదు. అయితే తలలు లేని బుద్ధులు చాలామంది కనిపిస్తారు. 504లో మూడు వందలకు పైగా దెబ్బతిన్నవి, 43 అసలు లేనే లేవు. దొంగలు ఎత్తుకుపోయినవి కొన్ని, దొరలు ఇచ్చివేసినవి కొన్ని. 1896లో సయాము రాజుగారు చూడవస్తే డచ్చి ప్రభుత్వము ఎనిమిది బండ్ల శిల్పాలు ఆయనకు కానుక ఇచ్చినది. మూట ఎవరిది, ఇచ్చేవాడెవడు? మా పార్సెలు ఆఫీసులో ఇలా చేస్తే ఉద్యోగము వూడుతుంది.

గంటసేపటికి దిగివచ్చాము. నాన్నగారు కూర్చున్నచోట లేరు. పది అడుగుల అవతల గోడ అడుగున ఒక గుంటవంటి చోట వంగి చూస్తున్నారు. మమ్మల్ని చూచి, "అబ్బాయీ, ఇలా రా. పైన నువ్వేటి సూసావో గానీ అసలుది ఇక్కడున్నాది" అన్నారు.

ఆయన చూచినది మరుగున పడిన పాదము. బొరొబుదూరు అడుగున మొదట 160 శిల్పఫలకాలు చెక్కారు. మంచి పనికి మంచి ఫలము, చెడ్డ పనికి చెడ్డ ఫలము అనే కర్మసిద్ధాంతము వాటి విషయము. తరువాత ఆ ఫలకాలను కప్పివేస్తూ చుట్టూ పన్నెండు వేల ఘనమీటర్లకు పైగా రాయి పేర్చారు. కట్టడము జారిపోకుండా అడుగున దన్ను కోసమని కొందరు పండితులు, ఇతర కారణాలని మరికొందరు. వెయ్యేళ్ళు అవి ఎవరి కంటా పడలేదు. 1885లో బయటపడినవి. 1890, 91లలో ఆ రాళ్ళన్నీ విప్పి, కసియన్ చెఫాస్ అనే జావా ఛాయాగ్రాహకునిచేత ఫొటోలు తీయించి, మళ్ళీ కప్పివేశారు. అగ్నేయ మూలన మాత్రము కొద్ది ఫలకాలు ఇప్పుడు తెరిచివుంచారు. ఆ ఫలకాల పైఅంచున కొన్నిచోట్ల చిన్న అక్షరాలు గీచి వున్నవి. "విరూప" అని ఒకచోట, "స్వర్గ" అని ఇంకొకచోట. ఇక్కడ ఏ బొమ్మ చెక్కవలెనో శిల్పికి గుర్తు కోసము వ్రాసిన మాటలవి. పని పూర్తయిన తరువాత చెరిపివేయవలసినవి, కప్పబడిపోవడంచేత నిలిచిపోయినవి. ఆ లిపి మన దక్షిణదేశపు పాత లిపికి బిడ్డ. మన తెలుగు అక్షరాలకు దాయాది అన్నమాట.

మా నాన్నగారికి చదువు తక్కువ. ఆ లిపి సంగతి ఆయనకేమి తెలుసును? కాని వేలు చూపించి, "ఇది మేస్త్రీ గుర్తురా. మేం స్లీపరు మీద సుద్దముక్కతో గీసుకోమా, అలాటిదే" అన్నారు. గైడు చెప్పిన సంగతి మేము తరువాత ఆయనకు చెప్పాము. ఆయన ముందే చెప్పారు.

అంతటితో ఆగలేదు. "వానలొస్తే ఈ నీరంతా ఎటు పోతాదో అడగరా" అన్నారు. అడిగాము. ఆ గైడు యువకుడు మేము అడిగిన ప్రశ్నలన్నిటిలోను దీనికే సంతోషించాడు. ఎందుకంటే బొరొబుదూరు కథంతా నీటి కథే. సున్నము లేని రాళ్ళు గనుక వాననీరు సందులలో దిగి, లోపలి మట్టిని కరిగించి, గోడలను బయటికి తోసివేసినది. కట్టినవారికి ఈ భయము తెలియకపోలేదు. మూలమూలలా మకరముఖాలతో నీటి తూములు పెట్టారు. అవి చాలలేదు. 1814లో రాఫిల్సు దొర పంపగా కొర్నేలియస్ అనే ఇంజనీరు 200 మంది కూలీలతో చెట్లు కొట్టించి, మట్టి తీయించి కట్టడాన్ని బయటపెట్టాడు. 1907 నుంచి 1911 వరకు వాన్ ఎర్ప్ అనే డచ్చివాడు పై వలయాలను బాగుచేశాడు. అయినా క్రింది గోడలు ఒరుగుతూనే వున్నవి.

చివరకు 1975 నుంచి 1982 వరకు ఇండోనేషియా ప్రభుత్వము, యునెస్కో కలిసి అసలు వైద్యము చేశారు. ఐదు చతురస్రపు అంతస్తులను విప్పివేశారు. గోడల వెనుక నీటి కాలువలు, వడపోత పొరలు అమర్చి, అడుగున గట్టి పునాది వేసి, రాళ్ళను తిరిగి ఎక్కడివక్కడ పేర్చారు. కదిపిన రాళ్ళు పది లక్షలకు పైమాట. ఒక్కొక్క రాతిని గుర్తించి, జాబితాలో ఎక్కించి, కడిగి, మందు పూసి, దాని చోటికే చేర్చారు.

సోదరులారా, పార్సెలు గుమాస్తాగా ఈ మాట వింటే మాకు ఒళ్ళు జలదరించినది. దినానికి రెండు వందల మూటలు వస్తే ఒకటి అటూ ఇటూ పోయి మేము మాట పడుతూ వుంటాము. పది లక్షల రాళ్ళు! ఏడేళ్ళు! రాజుల పేర్లు శాసనాలలో వున్నవి. ఆ జాబితా వ్రాసిన గుమాస్తాల పేర్లు మాత్రము మాకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలోను ఈ పని జరిగినది. నాగార్జునసాగరములో నీరు నిండకముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలో త్రవ్వి, మునిగిపోయే కట్టడాలలో ముఖ్యమైనవాటిని ఎత్తి కొండపైనా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి, మళ్ళీ కట్టి, 2024లో తెరిచారు. విదేశము పోయి చూచి ఆశ్చర్యపడిన మేము ఇవి ఇంకా చూడలేదు. ఇది మా తప్పు. వచ్చే సెలవులలో దిద్దుకోదలచాము.

వెళ్ళేముందు ఆవరణలో ఒకచోట వరుసలుగా పేర్చిన రాళ్ళు చూపించారు. ఇవన్నీ బొరొబుదూరువే. అయితే ఏ గోడవో, ఏ మూలవో తేలలేదు. పారవేయలేదు, ఎక్కడో ఒకచోట ఇరికించలేదు. చోటు తేలేవరకు అలా వుంచారు. నాన్నగారు ఆ వరుసల మధ్య చాలాసేపు నడిచారు. ఒక రాతి మీద చేయి వేయబోయి, తాకరాదేమోనని వెనక్కి తీసుకొని, "వీటి ఊరు తెలీదన్నమాట" అన్నారు. మేము ఏమీ అనలేకపోయాము.

మరునాడు ప్రంబనాను చూచాము. యోగ్యకర్తకు తూర్పున సుమారు 17 కిలోమీటర్లు. ఇది మన త్రిమూర్తుల గుడి. మధ్య శివాలయము 47 మీటర్ల ఎత్తు, ఇరుప్రక్కల బ్రహ్మ, విష్ణువు. ఎదుట వారి వాహనాలకు వేరే గుళ్ళు. 856 నాటి శాసనమొకటి ఈ శివాలయాన్ని గురించినదే అంటారు. ఆవరణలో మొదట 240 గుళ్ళు వుండేవి. భూకంపాలకు కూలి, చాలావరకు ఇప్పటికీ రాళ్ళ గుట్టలే. శివాలయాన్ని తిరిగి నిలబెట్టే పని 1953లో పూర్తయినది. 2006 మే నెల భూకంపంలో మళ్ళీ దెబ్బతిన్నది, మళ్ళీ బాగుచేశారు. అక్కడ ఒక నియమమున్నది. ఒక గుడి అసలు రాళ్ళలో నూటికి 75 వంతులైనా దొరికితేనే దానిని తిరిగి కడతారు. లేకపోతే గుట్టగానే వుంచుతారు. కొత్త రాయి తెచ్చి పాతదని చూపరు.

శివాలయపు వసారా గోడల లోపలివైపు రామాయణమున్నది. ప్రదక్షిణంగా నడుస్తూ పోతే కథ నడుస్తుంది. వానరులు సేతువు కట్టి లంకకు దాటేవరకు శివాలయంలోను, తరువాతి కథ బ్రహ్మ గుడిలోను. మా ఇంటావిడకు గైడుతో పని లేకపోయినది. మారీచుడు, జటాయువు, వాలి అంటూ పిల్లకు తానే చెప్పుకుపోయినది. గైడు ముస్లిము. అతను నవ్వి, "అమ్మగారికి మా కథ బాగా తెలుసునే" అన్నాడు. "మా కథ" అన్న మాట మా ఇంటావిడ మనసుకు పట్టినది. ఆ రాత్రి గుళ్ళు వెనుక కనిపించే ఆరుబయట రంగస్థలము మీద రామాయణ నృత్యనాటకము చూచాము. 1961నుంచి ఆడుచున్నారు. ఆడేవారిలో చాలామంది మహమ్మదీయులే. వారికి తోలుబొమ్మలాట కూడా వున్నది, దీపము వెలుతురులో తెర మీద నీడలు ఆడించడమే. మన తోలుబొమ్మలు ఇప్పుడు ఏ జాతరలో కనిపిస్తున్నవి, చెప్పండి.

యాత్ర ఆరు దినములలో ముగిసినది. తిరుగు ప్రయాణంలో చెన్నపట్నంనుంచి ఇంటికి వచ్చే రైలులో అసలు సంగతి జరిగినది. రాజమండ్రి దాటిన తరువాత నాన్నగారికి నిద్ర పట్టలేదు. నన్ను లేపి, "కాగితం తియ్యరా" అన్నారు. ఇక్కడ మేము అనవలసినచోట నన్ను అన్నాను, క్షమించగలరు. ఆయన తన గ్యాంగులో పనిచేసిన మనుష్యుల పేర్లు ఒక్కొక్కటే చెప్పడము మొదలుపెట్టారు. పేరు, ఇంటిపేరు, ఏ క్వార్టరులో వుండేవాడు, ఏ ఊరినుంచి వచ్చాడు, ఏ సంవత్సరము పోయాడు. పలాస వచ్చేసరికి ముప్పదియొక్క పేర్లయినవి. వారిలో పద్దెనిమిదిమందికి ఊరు చెప్పగలిగారు. మిగిలినవారికి "తెలీదు" అని వ్రాయమన్నారు. "ఖాళీగా వొదిలెయ్యకు. తెలీదనే రాయి. తరవాత ఎవడైనా సెప్తాడు" అన్నారు. పలాసలో బండి ఆగినప్పుడు కిటికీలోనుంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆ వరుసలో తన తాతగారి పేరు కూడా వ్రాయించారు. ఊరు దగ్గర "తెలీదు" అనే వున్నది.

పెద్దలారా, మన కాలనీలో పాత క్వార్టర్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నవి. మన పిల్లలకు మాట తెలుగే అయినా అక్షరము ఒరియా, ఇంగ్లీషు. అది తప్పని అనము, బ్రతుకు అలా వున్నది. అయితే ఎవరు ఎక్కడనుంచి వచ్చారో చెప్పగలిగినవారు మన ఇళ్ళలో ఇంకా కొద్దిమందే వున్నారు. వారిలో ఇద్దరు ఈ ఏడాదిలోనే వెళ్ళిపోయారు. వారి ఇళ్ళకు మేము పలకరింపుకు వెళ్ళాముగాని కాగితము తీసుకొని వెళ్ళలేదు.

మా మనవి ఒక్కటే. మన సంఘపు బీరువాలో ఒక కొత్త రిజిస్టరు పెట్టాము. వంద పేజీలది, గళ్ళు మేమే గీశాము. ఇంటిపేరు, వచ్చినవారి పేరు, వచ్చిన ఊరు, చేసిన పని, చెప్పినవారి పేరు. ప్రతి ఆదివారము సాయంత్రము ఐదునుంచి ఏడు వరకు మేము ఆ పుస్తకంతో ఇక్కడ కూర్చుంటాము. రాలేని పెద్దల ఇళ్ళకు మేమే వస్తాము. తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పండి చాలు. అందంగా కల్పించి చెప్పవలదు. ప్రంబనానువారు కొత్త రాయి పెట్టి పాతదని చూపరు, మనమూ అలాగే వుందాము.

మొదటి ముప్పదియొక్క పేర్లు ఎక్కినవి. మీలో ఎవరికైనా పలాస అవతలి ఊళ్ళలో బంధువులుంటే, మా నాన్నగారు వెనుక వరుసలో కూర్చుని వున్నారు, సభ అయిన తరువాత ఆయనతో ఒక్క మాట మాట్లాడండి.

 ఈ ప్రసంగము ఉగాది సంచికలో అచ్చవుతుందని కార్యదర్శిగారు అన్నారు గనుక, చదువుచున్నవారికి కొత్త సంవత్సరము మేలు చేయాలని కోరుచు సెలవు తీసుకుంటున్నాము.